పడవ అడుగున నీళ్ళు

పాత తెరచాప పడవ కొన్నప్పటి నుంచి ఆ రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్‌కు మనుషుల మీద నమ్మకం పోయింది. మెకానిక్ బోల్టు బిగించి ఒడ్డుకు దిగగానే, ఆయన దాన్ని విప్పి మళ్ళీ బిగిస్తాడు. కొత్త తాడు తెస్తే వాసన చూసి, గోటితో గీకి, పాతదాన్ని అంటగట్టారేమోనని ఎండలో తిప్పి చూస్తాడు. కొత్త ఇంజను పెట్టించిన మర్నాడు పొద్దున కాళ్ళ కింది చెక్క పలక ఎత్తితే, పడవ అడుగున జానెడు నీళ్ళు! మెకానిక్‌ను పిలిపించి, "ఎక్కడ కన్నం పెట్టావయ్యా? నా పడవను ముంచేద్దామనా?" అని విరుచుకుపడ్డాడు. "అడుగు జోలికే పోలేదు సార్, ఒట్టు!" అని అతను మొత్తుకున్నాడు. ఆయన భార్య వంగి, ఆ నీళ్ళలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. "ఉప్పు లేదండీ. ఇవి సముద్రం నీళ్ళు కావు, మన తాగేనీళ్ళ ట్యాంకువి. ఆ పైపు మీరే బిగించారుగా, ఎవర్నీ ముట్టుకోనివ్వకుండా." ఆయన మొహం మాడిపోయింది. "ఇప్పుడే కాఫీ తాగొచ్చావు, నీ నాలుకనేం నమ్మను?" అంటూ తనూ రుచి చూశాడు, ఒకటికి రెండుసార్లు. చివరికి స్పానరు మెకానిక్ చేతిలో పెట్టి, "నువ్వే బిగించు," అన్నాడు. అని, టార్చి వెలిగించుకుని, అతని వేళ్ళ మీంచి చూపు తిప్పకుండా పక్కనే గొంతుక్కూర్చున్నాడు.