పత్తి చేను గట్టు మీది పుంటికూర

ఆ రోజు బడిలో వండిన పుంటికూర, అదే గోంగూర, సంతలో కొన్నది కాదు. మా పత్తి చేను గట్టు మీదిది. ఆ చేనుకు పురుగుమందు కొట్టించి అప్పటికి రెండు రోజులే అయింది. ఈ సంగతి ఆరేళ్ళపాటు నేను ఎవరికీ చెప్పలేదు.

రాజోలి దగ్గర ఒక ఊళ్ళో పంతులుగా ఉన్నప్పుడు మధ్యాహ్న భోజనం బాధ్యత నాదే. ఆడపిల్లల్లో చాలామందికి రక్తం తక్కువగా ఉందని పరీక్ష చేసినవాళ్ళు చెప్పి వెళ్ళారు. నేను కూర్చుని వారానికి పట్టిక వేశాను. గుడ్డు ఏ రోజు, పప్పు ఏ రోజు, పల్లీల ఉండ ఏ రోజు. సోమ, గురువారాలు మాత్రం తప్పకుండా ఆకుకూర. గోడ మీద నీలిరంగుతో రాయించాను. దాన్ని చూడటానికి ఒక సోమవారం మండలం నుంచి అధికారులు వస్తున్నారని కబురు. ఆదివారం సంతకు ఆలస్యంగా వెళితే ఆకుకూరలు అయిపోయాయి. పొద్దున్నే చేనుకు వెళ్ళి లేత పుంటికూర సంచి నిండా తెంపుకొచ్చాను. మందు కొట్టింది పత్తికి, గట్టుకు కాదు కదా అనుకున్నాను. గాలికి మందు గట్టు మీద కూడా పడుతుందని తెలియనివాణ్ణి కాదు.

వంటామె ఆకు చేతిలోకి తీసుకుని వాసన చూసింది.

"సారూ, మందు వాసన కొడుతుంది."

"పుంటికూర పులుపక్కా అది."

"నలభై ఏండ్ల సంది తింటున్న, నాకే నేర్పుతుండ్రా? మీ ముక్కును జర దవాఖానల చూపియ్యుండ్రి," అని నవ్వింది.

"ఉప్పునీళ్ళల్ల కడుగు, పోతది. సార్లు వస్తుండ్రు, జల్ది కానియ్యి."

పిల్లలకంటే ముందు పంతులు రుచి చూడాలి. నేను వట్టి అన్నం నోట్లో వేసుకుని సంతకం పెట్టాను.

భోజనాలైన కాసేపటికి, అధికారులు ఇంకా రాకముందే, ఒక పిల్ల వాంతి చేసుకుంది. తర్వాత ఇంకొకరు, తర్వాత నలుగురు. ఐదో తరగతి అమ్మాయికి నోటి నుంచి చొంగ ఆగడం లేదు. చెమటకు జుట్టు నుదుటికి అతుక్కుపోయింది. రెండు ఆటోల్లో గద్వాల ఆసుపత్రికి బయలుదేరాం. ఆ పిల్లను నా ఒడిలో పడుకోబెట్టుకున్నాను.

"సార్, మసకమసకగ కనవడుతుంది," అంది.

దారి పొడవునా పత్తి చేలే. చూడలేక తల దించుకున్నాను.

డాక్టరు టార్చి వేసి చూశాడు. కంటిపాపలు సూదిమొనంత అయ్యాయి. "ఎక్కడి కూర ఇది? మందు కొట్టిందా?"

 బయట తల్లులు ఏడుస్తున్నారు. చెప్పకపోతే పిల్ల పోతుందేమోనని భయం. చెబితే వాళ్ళు నన్ను బతకనివ్వరని అంతకంటే పెద్ద భయం. "సంతల కొన్న సార్. తెల్వదు," అన్నాను. ఆయన నా మాట నమ్మకుండా పురుగుమందుకు విరుగుడు ఇంజెక్షన్ వేశాడు. సాయంత్రానికి పిల్లలందరూ తేరుకున్నారు.

విచారణలో వంటామె, "మూడుసార్లు కడిగిన. వాసనొస్తుందని సారుకు చెప్పిన, అడుగుండ్రి," అంది. అందరూ నా వైపు తిరిగారు.

"నాకు గుర్తు లేదు," అన్నాను.

కడగకుండా వండిందని ఆమెను తీసేశారు. పిల్లలకు విషం పెట్టిందన్న పేరు మోయలేక ఆమె వనపర్తికి వెళ్ళిపోయింది.

నేను నాగర్‌కర్నూల్ వైపు బదిలీ చేయించుకున్నాను. భయం నాతోపాటే వచ్చింది. అన్నం గంట కొట్టగానే పిల్లల మొహాలు చూస్తూ నిలబడేవాణ్ణి. ఎవరు దగ్గినా వాళ్ళ పక్కకు పరుగెత్తేవాణ్ణి. "సార్, తింటుంటే గట్ల చూస్తరేంది, మాకు దిష్టి తగుల్తది," అని ఒక పిల్ల అంటే అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

మొన్న వేసవిలో వనపర్తిలో ఆ వంటామె గిన్నెలు తోమే హోటల్ వెతుక్కుంటూ వెళ్ళి, అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"నాకు ఎర్కలేదనుకున్నరా? సంత కూరైతే కట్టలు కట్టి ఉంటది. మీ సంచిల విడిగ ఉండె."

"మరి అప్పుడే ఎందుకు అనకపోయినవక్కా?"

"అంటే ఎవరు విందురు సారూ? ఇప్పుడు నా చెవుల చెప్తే ఏమొస్తది? నాకు పేరు పెట్టిన ఊర్ల చెప్పుండ్రి."

బడులు తెరిచాక, రాజోలి దగ్గరి ఆ ఊరి బడిలో తల్లిదండ్రుల సమావేశం రోజు ఆమెను వెంటబెట్టుకుని వెళ్ళాను. ముందు వరసలో, నా ఒడిలో పడుకున్న ఆ పిల్ల తల్లి, చిన్నకొడుకు కోసం వచ్చి, కూర్చుని ఉంది. రాసుకున్న కాగితం చదవకుండా మడిచేశాను. వంటామె వైపు తిరిగి అందరికీ వినపడేలా అన్నాను:

"అక్కా, ఆ కూర నా చేనుది. మందు కొట్టిందని నాకు ఎర్కే. నువ్వు వాసనొస్తుందని చెప్పినవు, నేనే వినలే. పిల్లలకు విషం పెట్టింది నేను, నువ్వు కాదు. నన్ను క్షమించు."