అనుమానం జబ్బు

పెద్దాయన నిషాన్ ఆతాకి అనుమానం ఎక్కువ. ఎవరి మీద అని అడిగితే పేర్లు చెప్పలేక నోరు నొప్పి పుడుతుంది. ఎవరి మీద లేదో చెప్పడం తేలిక. ఆయన గాడిద మీద లేదు. అది చచ్చిపోయి మూడేళ్ళయింది.

టీ దుకాణంలో చెప్పులు విప్పి, ఆ చెప్పుల మీదే కూర్చునే మనిషి మా మార్గిలాన్ ఊరు మొత్తంలో ఈయనొక్కడే. పక్కింటి ఖుమ్రీ తందూరులోంచి తీసిన వేడి రొట్టె చేతిలో పెడితే తిరగేసి చూస్తాడు. "కింద మాడింది కాబట్టే ఊరికే ఇస్తున్నావు, అవునా?" మాడకపోతే ఇంకా అనుమానం. "ఇంత మంచి రొట్టె ఊరికే ఎందుకిస్తున్నావు?"

ఆయన ఇల్లు నా నెత్తిన ఎలా పడిందో చెప్తాను. మతిమరుపు జబ్బు వచ్చిన పెద్దవాళ్ళని ఇకమీదట ఆస్పత్రుల్లో పడెయ్యకుండా వాళ్ళ ఇంట్లోనే చూసుకోవాలని మా ఊళ్ళో కొత్త పథకం పెట్టారు. ఆరుగురు ఆడవాళ్ళకి మూడు నెలలు శిక్షణ ఇచ్చారు. అందులో నేనొకదాన్ని, పేరు హిలోలా. "రేపటి రోజుల్లో అంతా ఇలాగే ఉంటుంది" అని మాకు పాఠం చెప్పినావిడ అంది. రేపటి సంగతి సరే, మొదటి రోజే నాకు నిషాన్ ఆతా గుమ్మం తగిలింది.

జబ్బు ఆయన భార్య సనోబార్ ఖాలాకి. ఒకప్పుడు పట్టు నేసిన చెయ్యి. ఒకసారి ఫర్గానా ఆస్పత్రికి తీసుకెళ్తే నాలుగు రోజులు పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదట. ఇంటి దగ్గరే డాక్టరు పరీక్ష పూర్తయితే ఆమె ఇంట్లోనే ఉండొచ్చు. పూర్తి కాకపోతే మళ్ళీ ఆ ఆస్పత్రిలోనే మూడు వారాలు. నాకంటే ముందొచ్చిన అమ్మాయి "ఇవాళ ఏ వారం ఖాలా?" అని అడిగిందో లేదో, "నేనేమైనా పిచ్చిదాన్నా?" అని బయటికి తరిమేసి, సాయంత్రం దాకా ఏడ్చిందట ఖాలా.

నేను తలుపు తట్టగానే ఆతా అడ్డంగా నిలబడ్డాడు.

"సంచి చూపించు."

"ఆతా, నేను సాయం చెయ్యడానికి వచ్చాను."

"దొంగలందరూ అందుకే వస్తారు. ఈ దువ్వెన ఎందుకు?"

"తల దువ్వుకోడానికి."

"ఎవరి తల?"

ఇంతలో లోపల్నించి ఖాలా వచ్చింది. "సిగ్గు లేదూ మీకు? ఇంటికొచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెడతారా? రా తల్లీ. ఈయన మాటలు పట్టించుకోకు."

మా దగ్గర అతిథికి టీ సగం గిన్నె పోస్తేనే మర్యాద. నిండా పోశామంటే తాగి లేవమని అర్థం. ఆతా నాకు పొర్లిపోయేంత పోశాడు. ఖాలా నా చేతిలోంచి గిన్నె లాక్కుని, టీని కుండలో పోసేసి, మళ్ళీ సగం పోసి, ఎడమ చెయ్యి గుండె మీద పెట్టుకుని అందించింది. ఆ రోజు ఆమె నా పేరు తొమ్మిదిసార్లు అడిగింది. టీ దగ్గర మాత్రం ఒక్క పొరపాటు చెయ్యలేదు. మర్నాడూ ఆయన నిండా పోశాడు, ఆమె సరిచేసింది. నలభై రోజులు ఇదే వరస. ఇంత మొండి ముసలాడు ఉంటాడా అని నేను పళ్ళు నూరుకున్నాను.

పథకంవాళ్ళు చేతికి కట్టుకునే పట్టీ ఒకటి ఇచ్చారు. పేషెంటు దారి తప్పితే ఎక్కడున్నదీ నా ఫోన్‌కి తెలుస్తుంది. "రెండు కావాలి. ఒకటి అబద్ధం చెప్తే రెండోది పట్టుకోవాలి" అన్నాడు ఆతా. తీరా రెండు తెస్తే, "ఇది నా రక్తం తాగుతుంది, కట్టుకోను" అని మొండికేశాడు. "చిన్నపిల్లాడికంటే కనాకష్టం. ఇదిగో, నేనూ కట్టుకుంటున్నాను, చూడండి!" అని ఖాలా రెండోది తన చేతికి కట్టుకుంది.

ఒకరోజు పొద్దున్నే ఆతా పిండి జాడీలోంచి ఖాలా చెవిపోగు తీసి, టోపీలో దాచుకోవడం నా కళ్ళారా చూశాను. కాసేపటికి ఖాలా ఏడుపు మొదలైంది. "నా పోగు! ఎవరో ఎత్తుకుపోయారు!" ఆమె మాట పూర్తికాకముందే ఈయన వీధిలో ఉన్నాడు. "దొంగలు! ఖుమ్రీ, నీ చేతులు చూపించు!"

"పిండి ఉంది ఆతా."

"పిండి కింద ఏముంది?"

వీధంతా పోగయ్యాక బుర్ర గోక్కోవడానికి టోపీ తీశాడు. పోగు టప్పున కింద పడింది. అందరూ విరగబడి నవ్వారు. ఖాలా కూడా కళ్ళు తుడుచుకుంటూ నవ్వింది. "ఈయనకి మతి పోయింది తల్లీ" అంది నాతో.

నాకు నవ్వు రాలేదు. పెళ్ళాం బంగారం కాజేస్తున్నాడా ఏమిటి? ఖుమ్రీని పక్కకి పిలిచి అడిగాను, "ఈయన మొదట్నించీ ఇంతేనా?"

"ఎక్కడిది! పత్తి కాటా దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేసి ఒక్క మూట విప్పి చూసిన మనిషి కాదు. అందరూ తడి పత్తి తెచ్చి మోసం చేసేవాళ్ళు. ఈ మాయరోగం రెండేళ్ళ నుంచే."

ఖాలా జబ్బూ రెండేళ్ళదే. అయినా నా మట్టిబుర్రకి వెలగలేదు. డాక్టరుకి చెప్పాలని పోగు సంగతి పుస్తకంలో రాసిపెట్టుకున్నాను.

పరీక్ష రోజు డాక్టర్ నాదిరా వచ్చింది. ఖాలా ఎదురెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఈయన కోసమే కదా వచ్చారు? చాలా మంచిది. ఈ అమ్మాయి రోజూ వచ్చి ఈయన్ని కనిపెట్టుకుని ఉంటోంది కాబట్టి సరిపోతోంది."

నేను కొయ్యబారిపోయాను. ఆతా అప్పటికే పేషెంటు కుర్చీలో కూర్చున్నాడు. డాక్టరు కాగితం మీద పేరు చూసింది, ఆతాని చూసింది, ఖాలాని చూసింది. కుర్చీ లాక్కుని ఆతా ఎదురుగా కూర్చుంది.

"ఇది ఏ నెల ఆతా?"

"మీకు తెలీదా? తెలీకుండా డాక్టరెలా అయ్యారు?"

"పట్టుపురుగులకి ఆకు కోసే నెల అండీ" అంది ఖాలా. అది వసంతంలో పని. బయట ఎండుటాకులు రాలుతున్నాయి.

"నేనూ అదే చెప్పబోయాను" అన్నాడు ఆతా. డాక్టరు రాసుకుంది.

"పిల్లలెంతమంది?"

"మా పిల్లలేనని నమ్మకమేంటి?"

"ఏం మాటలండీ అవి! ముగ్గురమ్మా" అంది ఖాలా. డాక్టరు అదీ రాసుకుంది.

"మీ భార్య పేరు?"

"మేం పేర్లు పెట్టి పిలుచుకోం. జాహిద్ వాళ్ళమ్మ."

డాక్టరు ఖాలా వైపు తిరిగింది. ఖాలా నోరు తెరిచింది. మాట రాలేదు. కళ్ళలో భయం తిరిగింది.

"చెప్పకు!" అని అరిచాడు ఆతా. "నీ పేరుతో వీళ్ళకేం పని? ఏదో కుట్ర ఉంది!"

ఖాలా పకపకా నవ్వింది. "చూశారా డాక్టరమ్మా, ఇదీ వరస."

అప్పుడు తెలిసింది నాకు. పోగుని పిండిలో పెట్టి మర్చిపోయింది ఖాలాయే. ఆమె తప్పు ఎవరి కంటా పడకుండా, ఈ మనిషి రెండేళ్ళుగా ఊరందరి ముందూ తనే తప్పు మనిషిగా తిరుగుతున్నాడు. నా పుస్తకంలో పోగు గురించి రాసిన పేజీ చింపి జేబులో కుక్కుకున్నాను. సిగ్గేసింది.

పరీక్ష ఇంట్లోనే పూర్తయింది. డాక్టరు కళ్ళద్దాలు తుడుచుకుని కాగితాన్ని ఖాలా ముందు పెట్టింది.

"ఇక్కడేం రాయాలమ్మా?" అంది ఖాలా.

"చూసుకునేవాళ్ళ సంతకం."

ఖాలా కలం అందుకుంది. నోటికి రాని పేరు చేతికి తెలుసు. గుండ్రటి అక్షరాలతో, తొందర లేకుండా 'సనోబార్' అని రాసింది. ఆతా ఊపిరి బిగపట్టి చూస్తున్నాడు. ఆయన భయం చూసి ఖాలా ఆయన భుజం తట్టింది.

"ఆస్పత్రికేం పంపనులెండి. నేను చూసుకుంటాను మిమ్మల్ని."

"నిజంగా?" అన్నాడు ఆతా.

"నిజంగానే. ముందు ఆ కన్నీళ్ళు తుడుచుకోండి, ఇంటినిండా చుట్టాలుండగా ఏమిటది?"