సుశీల రంగులు వేసిన పుస్తకం కోసం శామీర్‌పేట దాకా

మా చెల్లెలు సుశీల పోయి వచ్చే వారానికి ఏడాది. దాని కూతురు ఫోన్ చేసి, అమ్మ చేత్తో చేసింది ఏదైనా నీ దగ్గర ఉంటే ఇవ్వు మామా అని అడిగింది. అలాంటిది ఒక్కటే ఉంది. మా చిన్నతనంలో మద్రాసు నుంచి వచ్చే పిల్లల మాసపత్రికలో ఒక జానపద ధారావాహిక పడేది. నెలనెలా ఆ పేజీలు ఊడదీసి దాచి, కథ అయిపోయాక సూదీదారంతో కుట్టుకున్నాం. నన్ను బడికి పంపిన మా బాపు, ఆడపిల్లకు అక్షరాలెందుకని దాన్ని పంపలేదు. ఆయన పోయి నలభై ఏళ్లు దాటింది, ఆ మాట మీద నా కోపం మాత్రం పోలేదు. నేను చదువుతుంటే సుశీల వినేది. విన్నది మరిచిపోకుండా నల్ల బొమ్మలకు ఇంట్లో దొరికిన రంగులు వేసుకునేది. రాకుమారికి పసుపు, మాంత్రికుడికి కుంకుమ. నేను బడికి పోయాక ఆ రంగులను పట్టుకుని కథంతా తనకు తనే చెప్పుకునేది. కాలేజీలో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పాను. సుశీలకన్నా బాగా చదివిన మనిషిని చూడలేదు.

ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గర లేదు. శామీర్‌పేట, మేడ్చల్ మధ్య రాజిరెడ్డి అనే ఆసామి ఉన్నాడు. తాతల నాటి భూమి ప్లాట్లు చేసి అమ్మి, ఆ డబ్బుతో పాత జానపద నవలలు, వాటి బొమ్మలు పోగుచేస్తున్నాడు. మొన్న వానాకాలంలో మా ఇంటికి వచ్చి, ఫోటోలు తీసుకుని నెలలో తిరిగిస్తానని పట్టుకెళ్లాడు. నెలలు గడిచాయి, పుస్తకం రాలేదు. ఆదివారాల్లో తన తోట ఇంట్లో వాటిని అందరికీ చూపిస్తున్నాడని తెలిసి, నేనే బయల్దేరాను.

సికింద్రాబాద్ జూబ్లీ బస్టాండులో పొద్దున్నే కరీంనగర్ వైపు వెళ్లే బస్సు ఏది ఎక్కినా సరే, కానీ శామీర్‌పేటలో ఆగుతుందో లేదో కండక్టరును ముందే అడగండి. గంటలోపు దిగుతారు. తూంకుంట దాటేదాకా రోడ్డుకు రెండు వైపులా ప్లాట్ల బోర్డులే. వాటి మీద తెలుగు చదవాలంటే గుండె గట్టిగా ఉండాలి. శామీర్‌పేట క్రాస్‌రోడ్డు దగ్గర మేడ్చల్ వెళ్లే షేర్ ఆటోలు ఉంటాయి. ఇరవై రూపాయలిస్తే తోట గేటు దగ్గర దింపుతారు. ప్లాటు చూడటానికా అని డ్రైవరు అడిగాడు. పుస్తకం కోసమన్నాను.

"పుస్తకానికి గింత దూరమా తాతా? గా పైసలతోని ప్లాటు దీసుకోరాదుండ్రి. పుస్తకం రేటు వెరుగుతదా ఏంది?" అన్నాడు. రాజిరెడ్డి ఇంటికి వెళ్తున్నవాణ్ని, పెరగదని చెప్పలేకపోయాను.

హాలు చల్లగా, శుభ్రంగా ఉంది. నిజం చెప్పాలంటే చూడదగ్గ చోటే. అట్ట చెక్కుచెదరని మొదటి ముద్రణలు అద్దాల బీరువాల్లో ఉన్నాయి. పక్క బల్ల మీద రెక్కల గుర్రం ఉన్న కప్పులు, నాగకన్య తాళంచెవి గొలుసులు, మాంత్రికుడి టీషర్టులు. నగరం నుంచి కార్లలో వచ్చిన కుర్రకారు వాటిని కొంటున్నారు. పుస్తకం తెరిచినవాడు మాత్రం నాకు కనబడలేదు. గోడ మీద ప్రారంభోత్సవం ఫోటోలో మా పాత ప్రిన్సిపాలు రిబ్బను కత్తిరిస్తున్నాడు. జానపద నవల సాహిత్యమే కాదని, నేను దాని మీద రాసిన వ్యాసాన్ని చెత్తబుట్టలో వేయించిన మనిషి. శాలువా ఇస్తే ఏదైనా సాహిత్యమే కాబోలు.

రాజిరెడ్డి నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు, కాళ్లకు దండం పెట్టాడు. మర్యాదకు తక్కువ చేయలేదు. లోపలి నుంచి పెద్ద ఆల్బమ్ తెచ్చాడు. కుట్టు విప్పి, బొమ్మ ఉన్న ప్రతి కాగితాన్నీ విడివిడిగా ప్లాస్టిక్ తొడుగుల్లో పెట్టించాడు. బొమ్మలన్నీ నల్లగా, తెల్లగా, అప్పుడే అచ్చయినట్టున్నాయి.

"మనిషిని పిలిపిచ్చి మందుతోని కడిగిచ్చిన సార్. పసుపు, కుంకుమ, నీలిమందు, అన్నీ అంటి ఉండె. ఇగ ఒక్క మరక గూడ లేదు."

"అవి మరకలు కాదు రాజిరెడ్డీ. మా చెల్లె ఏసిన రంగులు."

అతను ఆల్బమ్ తన వైపు తిప్పుకుని ఒక్కో బొమ్మా మళ్లీ చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు: "చిన్న పిల్లలు ఖరాబ్ జేసిన్రనుకున్న సార్. ముందుగాల ఒక్క మాట జెప్తే ముట్టకపోదును గద." ఇదే కథది ఇంతకన్నా మంచి కాపీ తన దగ్గర ఇంకొకటి ఉందని, అది కూడా ఇస్తానన్నాడు. నిజంగానే ఇచ్చేవాడు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. తిట్టడానికి ఒక దొంగ కూడా దొరకలేదు. బొమ్మలు నువ్వే ఉంచుకో అని, మిగతా కాగితాలు ఎక్కడని అడిగాను. బొమ్మలేనివి పనికిరావని వంటింట్లోకి ఇచ్చేశారట.

వెనక వంటశాలలో మల్లమ్మ బజ్జీలు వేస్తోంది. ఆమె భర్త శామీర్‌పేట చెరువులో చేపలు పడతాడు. బజ్జీల కింద నూనె పీల్చడానికి పరిచిన కాగితం చూశాను. ఆ పాత అచ్చు ఎక్కడున్నా గుర్తుపడతాను. ఇవి మా చెల్లెలి పుస్తకంలోవని చెప్పాను. ఆమె పొయ్యి ఆర్పేసి, చేతులు కడుక్కుని, దేవుడి పటాల వెనక నుంచి ఒక కాగితాల కట్ట తీసి కళ్లకద్దుకుని ఇచ్చింది.

"కొన్ని వాడిన సారూ, అబద్ధమాడ. గివ్విటికి పసుపు, కుంకుమ ఉన్నది. ఏదో పూజ పుస్తకమనుకున్న. దాని మీద బజ్జీలెట్ల వెడ్త? కాలు దగిల్తె గూడ పాపమాయె."

బొమ్మకు ఎదురుగా ఉండే పేజీలవి. ఏళ్ల తరబడి ఒకదాన్నొకటి ఒత్తుకుని ఉండటంతో రంగు వీటికీ అంటింది. మీ చెల్లె మంచిగ సదువుకున్నదా అని మల్లమ్మ అడిగింది. అవునన్నాను.

తిరిగి రావడానికి మేడ్చల్ దారి మేలు. మరో షేర్ ఆటో ఎక్కితే బస్టాండు దగ్గర దింపుతుంది, అక్కడ సికింద్రాబాదుకు సిటీ బస్సులు దొరుకుతాయి. కిటికీ పక్కన కూర్చుని కట్ట విప్పాను. అక్షరాల మీద పసుపుపచ్చని నీడగా రాకుమారి ఉంది. ఎర్రగా మాంత్రికుడు ఉన్నాడు. రెక్కల గుర్రానికి సుశీల నీలిమందు నీళ్లలో కలిపి వేసింది. అది కాగితంలోకి ఇంకిపోయిందే గానీ ఎదుటి పేజీకి అంటలేదు. అన్నీ వెతికాను. గుర్రం ఎక్కడా లేదు. కథలో అది తెల్ల గుర్రం. నీలం ఎందుకే అని అప్పట్లో నేనొకసారి అడిగితే, "ఆకాశంల కలిసిపోతె బాపుకు కనవడదన్నా" అంది. తొమ్మిదేళ్లది. వచ్చే వారం దాని కూతురికి ఈ కాగితాలు ఇస్తాను. గుర్రం సంగతి మాత్రం నోటితో చెప్పాలి. నా తర్వాత అది చెప్పేవాళ్లు లేరు.

మీరూ వెళ్తే ఆదివారం వెళ్లండి, హాలు సాయంత్రం దాకా తెరిచి ఉంటుంది. మీ ఇంటి పుస్తకం మాత్రం వెంట తీసుకెళ్లకండి. ఇవ్వక తప్పకపోతే పక్కన కూర్చుని, పేజీ పేజీ తిప్పి, ఏది మరకో ఏది కాదో వేలు పెట్టి చూపించి ఇవ్వండి.