వెనక నుంచి పిలవకుండా నందిగామ దాకా

విజయవాడ అక్కయ్యా, మోకాళ్ళ నొప్పి తగ్గిందా? వత్సవాయి వదినా, బీపీ మాత్రలు మానలేదు కదా? ఇది చదివే మిగతావాళ్ళంతా కులాసానే అనుకుంటాను. కులాసాగా లేకపోతే ఇప్పుడే చెప్పకండి, నాకు నిద్ర పట్టదు. మీ పిల్లలు కూడా వచ్చే ఏడాది ముక్త్యాల నుంచి నందిగామకు పరిగెత్తుతామంటున్నారట. అందుకే ఇది రాస్తున్నాను.

మా అమ్మాయి పద్మ జగ్గయ్యపేటలో ఆటల టీచరు. నందిగామలో నడవలేని పిల్లల బడికి, పిల్లల్ని ఎక్కించుకొచ్చే బండి కొనడానికి ఈ పరుగు పెట్టారు. చివరి గీత దాటినవాళ్ళ పేరు మీదే షాపులవాళ్ళు డబ్బిస్తారు, దాటకపోతే లేదు. పద్మ తమ్ముడు రాజు ఆ బడిలోనే చదివాడు. వాడికి పుట్టుకతోనే కాళ్ళు రాలేదు. పన్నెండేళ్ళ దాకా చంకనేసుకుని బస్సెక్కించింది నేనే కాబట్టి, ఆ బండి విలువ నాకు తెలుసు. అయినా నలభై దాటిన పిల్ల నలభై రెండు కిలోమీటర్లు పరిగెత్తడమేమిటని నా గుండె దడ. అవసరమైతే ఆపేద్దామని రాజును తీసుకుని వెనకే బయల్దేరాను.

మా వీధి మస్తాన్ ఆటో మధ్యాహ్నం దాకా పన్నెండు వందలకు మాట్లాడాము. తెల్లవారుజామున మూడున్నరకు బయల్దేరి నాలుగింటికల్లా ముక్త్యాల చేరాము. నాలుగున్నరకు పరుగు మొదలైంది. సిమెంటు లారీల దుమ్ముకు ముక్కుకు తడిగుడ్డ కట్టుకున్నాము. జగ్గయ్యపేట దాటాక తెల్లవారింది. చిల్లకల్లులో ఇడ్లీ తిని హైవే ఎక్కాక చూస్తే, పద్మ కుంటుతోంది. ఎడమ మడమ దగ్గర తెల్ల మేజోడు ఎర్రగా ఉంది.

"మామ్మగారూ, రక్తమండీ! పిలవండి!" అన్నాడు మస్తాన్.

"పనిమీద పోయేదాన్ని వెనక నుంచి పిలుస్తారటయ్యా? పని చెడుతుంది."

"లారీ మీదికొస్తున్నా పిలవవా అమ్మా?" అన్నాడు రాజు.

"నోర్ముయ్యరా, అపశకునపు మాటలు! మస్తానూ, ముందుకు పోనీ నాయనా. ఎదురుగా నిలబడి చెబుతా."

ముందుకెళ్ళి దిగాను. చాలమ్మా, ఇంటికి పోదాం అనాలని మాట సిద్ధం చేసుకున్నాను. పద్మ దగ్గరకొచ్చింది. పొద్దుటినుంచీ దాని వీపే చూశాను, మొహం చూడడం అప్పుడే.

"ఆగితే మళ్ళీ కదల్లేనమ్మా," అంది, కాలు ఆపకుండానే. "నువ్వు ముందే ఉండు. వెనక ఆటో చప్పుడు వింటుంటే ఎప్పుడు పిలుస్తావోనని ప్రాణం పోతోంది!"

నేను పెంచిన భయమే దాన్ని వెంట తరుముతోందని అప్పుడు తెలిసింది. చాలు అనబోయినదాన్ని, "రా తల్లీ" అన్నాను.

అక్కడినుంచి మేము ముందు, అది వెనక. పదకొండింటికి గీత దగ్గర జెండా దించేస్తారు, ఆ తర్వాత దాటినా లెక్కలోకి రాదు. మస్తాన్ ఆటో ఆపిన ప్రతిచోటా నేను దిగి "రా, రా" అని అరిచాను. నందిగామలో రాజును కుర్చీలో గీతకు అవతల కూర్చోబెట్టాము. జెండా దించబోతుండగా పద్మ వచ్చి, వాడి కుర్చీ పట్టుకుని నిలబడింది.

"ఇంత ఆలస్యమా అక్కా, ఆకలేస్తోంది!" అన్నాడు వాడు. అది నవ్వింది, నేను ఏడ్చాను.

నా బెంగ పోలేదు, పోదు కూడా. కాని ఆపడానికని వెళ్ళినదాన్ని రమ్మని పిలిచి వచ్చాను. మీరు వెళితే ఆటోను వెనక కాదు, ముందు నడిపించండి. మార్చుకోవడానికి ఒక జత మేజోళ్ళు కూడా పెట్టుకోండి. మాఘ పౌర్ణమికి బడికి బండి వస్తోందట. అక్కయ్యా, వదినా, ఆ రోజు పొద్దున్న పదింటికి నందిగామ బడిలో కలుద్దాం.