వారం రోజుల చెక్క తుపాకి

1988లో నేను ఫ్లోరిడాలో, టాంపాకి ఓ గంట దూరంలో ఉన్న ఊళ్లో, గాలాలూ వేటసామానూ తుపాకులూ అమ్మే షాపులో కౌంటర్ వెనక పని చేస్తున్నాను. చదివింది సివిల్ ఇంజనీరింగ్. ఉద్యోగం పోయినప్పుడు నెల రోజులకని చేరినవాణ్ణి, అప్పటికి ఆరేళ్లుగా అక్కడే ఉన్నాను. తెనాలిలో మాది గాజుల కొట్టు. "స్పోర్ట్స్ గూడ్స్ షాపులో పని" అని ఇంటికి రాస్తే, మా నాన్న నేను క్రికెట్ బ్యాట్లు అమ్ముతున్నానని బంధువులందరికీ చెప్పుకున్నారు. నేను సరిదిద్దలేదు. బేరగాణ్ణి కదా, లాభంగా ఉన్న అపోహని ఎందుకు చెడగొట్టడం?

అంతకు ముందు ఏడాదే రాష్ట్రంలో చట్టం మారింది. నేరచరిత్ర లేనివాళ్లు ఓ క్లాసుకి వెళ్లి దరఖాస్తు పెట్టుకుంటే, తుపాకిని బట్టల చాటున పెట్టుకుని తిరగడానికి లైసెన్స్ ఇస్తున్నారు. దాన్నే కన్సీల్డ్ క్యారీ అంటారు. దాంతో అంతవరకూ మా గుమ్మం తొక్కని మనుషులు రావడం మొదలైంది. స్కూలు టీచర్లు వచ్చారు, చర్చి ఆర్గాన్ వాయించే పెద్దావిడ వచ్చింది. అందరూ "ఏది మంచిది?" అనే అడిగేవారు. నాకు గాజుల కొట్టు అలవాటు. సమాధానం చెప్పకుండా ముందు చెయ్యి చూపించమనేవాణ్ణి.

ఆ వేసవిలో ఓ మధ్యాహ్నం పట్టుచీర కట్టుకున్న ఒకావిడ తలుపు తోసుకుని లోపలికొచ్చింది. షాపు యజమాని హ్యాంక్ నోట్లోంచి పెన్సిలు తీసి నావైపు చూశాడు. ఆమె సుభద్రగారు. నాకు ముందే తెలుసు. ఫ్లోరిడాలో తెలుగు ఇళ్లున్న ప్రతి ఊరికీ కారు డిక్కీలో చీరలూ, బ్యాగులో బంగారు నగలూ పెట్టుకుని తిరిగి అమ్మేవారు. భర్త పోయాక పదేళ్లుగా అదే ఆమె బతుకుతెరువు. మా ఆవిడ లలిత దగ్గరున్న మంచి చీరల్లో సగం ఆమె తెచ్చినవే.

చెయ్యి చాపమన్నాను. మణికట్టు మీద ఇంకా పూర్తిగా మానని గీత ఉంది. రెండు నెలల కిందట, పట్టపగలు, ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్ లాట్‌లో ఇద్దరు ఆమె బ్యాగు లాక్కున్నారట. గాజులు తేలిగ్గా రాకపోతే గుంజారట. అప్పట్నుంచి ఆమె మా ఊరు, చుట్టుపక్కల ఊళ్లు తప్ప ఎక్కడికీ వెళ్లలేదు.

"అంత దూరం జాక్సన్‌విల్‌కి బయల్దేరి, పెట్రోల్ బంకు దగ్గరే వెనక్కి తిప్పేశాను తమ్ముడూ, రెండుసార్లు. ఇంకో నెల ఇలా ఉంటే నా వ్యాపారం అయిపోయినట్టే. నాకింకో పని రాదు," అన్నారు.

చేతిని నొక్కి చూశాను. గాజు సైజు రెండు-నాలుగు, చిన్న చెయ్యి. చిన్న చేతికి చిన్న తుపాకి అని అల్యూమినియం కలిపిన తేలికపాటి రివాల్వర్ తీశాను. ఐదు గుళ్లు పడతాయి. గొట్టం పొట్టిగా ఉంటుంది కాబట్టి దాన్ని స్నబ్‌నోస్ అంటారు. షాపు వెనక మాకో రేంజ్, అంటే కాల్చి చూసే షెడ్డు, ఉండేది. అక్కడికి తీసుకెళ్లి కాల్పించాను. మొదటి గుండు పేలగానే ఆమె తుపాకిని బల్ల మీద పెట్టి, అరచెయ్యి చీరకి రుద్దుకున్నారు. రెండోది కాల్చమంటే, ముందు నువ్వు కాల్చి చూపించు అన్నారు. కాల్చాను. నా చెయ్యీ మండింది.

కొత్తగా కొనేవాళ్లు చేసే తప్పే ఇది. అమ్మేవాణ్ణి నేనూ చేశాను. తుపాకి పేలినప్పుడు వెనక్కి తన్నే తన్నుని రీకాయిల్ అంటారు. తుపాకి ఎంత తేలికైతే చెయ్యి అంత ఎక్కువ తన్ను తినాలి. చెయ్యి నొచ్చినవాళ్లు సాధన చెయ్యరు. సాధన లేని తుపాకి బ్యాగులో బరువు తప్ప ఎందుకూ పనికిరాదు. ఆటోమేటిక్ పిస్తోలు ఇచ్చి చూశాను. దాని పైభాగాన్ని, అంటే స్లయిడ్‌ని, వెనక్కి లాగితే గాని మొదటి గుండు లోపలికి ఎక్కదు. కీళ్ల నొప్పులున్న ఆమె వేళ్లకి అది కదల్లేదు. చివరికి అదే స్నబ్‌నోస్‌లో ఉక్కుది తీశాను. ఇరవై ఔన్సులు, అర కిలోకి కాస్త ఎక్కువ. దీనికి హామర్, అంటే గుండుని పేల్చే సుత్తి, బయటికి కనపడదు కాబట్టి కొంగుకి తగులుకోదు. ఆమె ఐదు గుళ్లూ కాల్చి, కాగితం మీద పడ్డ చిల్లుల్ని వేలితో తడిమి చూసుకున్నారు. నాలుగున్నాయి.

అక్కణ్ణుంచి బేరం మొదలైంది. ఆ ముచ్చటంతా రాస్తే నా పరువు పోతుంది గనుక క్లుప్తంగా చెబుతాను. అరగంటలో నేను ధర తగ్గించాను, తోలు ఒర ఉచితంగా ఇస్తానన్నాను, రెండు డబ్బాల గుళ్లు కూడా కలిపాను. ఆమె మాత్రం మొదట్లో నిలబడ్డచోటే నిలబడి ఉన్నారు. అప్పుడు అసలు మాట బయటపెట్టారు.

"నేను చీర అమ్మితే మూడు చీరలు మీ ఇంట్లో వదిలి వెళతాను. వారం ఉంచుకుని, కట్టి చూసుకుని, నచ్చింది తీసుకుంటుంది మీ లలిత. నువ్వూ అలాగే ఇవ్వు. వారం వాడి చూసి చెబుతాను."

తుపాకి అలా ఇవ్వడానికి చట్టం ఒప్పుకోదని చెప్పాను. పైగా ఆమె లైసెన్స్ రావడానికి ఇంకా కొన్ని వారాలుంది. "అయితే లైసెన్స్ వచ్చాకే వస్తాలే," అని బ్యాగు భుజానికి తగిలించుకున్నారు. చేతిదాకా వచ్చిన బేరం పోతోంది. ఆ కంగారులో అనేశాను, అంత బరువున్న నకలు చేసి ఇస్తాను, అది వారం మొయ్యండి అని.

ఆ సాయంత్రం మా గరాజ్‌లో కూర్చుని ఒక చెక్కముక్కని రివాల్వర్ ఆకారంలో కోశాను. లోపల తొలిచి, షాపు నుంచి తెచ్చిన, గాలానికి బరువుకని కట్టే సీసపు గుళ్లు నింపి, నల్ల టేపు చుట్టాను. సరిగ్గా ఇరవై ఔన్సులు. మా ఐదేళ్ల అమ్మాయి శిరీష పక్కన కూర్చుని టేపు చింపి ఇచ్చింది.

ఎక్కడ పెట్టుకోవాలన్నది మిగిలిన సమస్య. లంగా బొందుకి ఒర తగిలిస్తే, రెండడుగులకే బొందు జారి, అర కిలో బరువు ఎక్కడికి పోతుందో ఆమె నాకు చెప్పలేదు, నేను అడగలేదు. బ్యాగులో పెట్టుకోమని సలహా ఇచ్చింది నేనే. "జిప్ ఉన్న అర ఒకటి దీనికే కేటాయించండి. అందులో ఇంకేమీ వెయ్యకండి," అని గొప్పగా చెప్పాను.

ఆ ఆదివారం మధ్యాహ్నం చీరలు చూపించడానికి ఆమె మా ఇంటికే వచ్చారు. ఏడెనిమిదిమంది ఆడవాళ్లు, హాలు నిండా చీరలు. మా ఇళ్లలో పద్ధతి అందరికీ తెలిసిందే. చెప్పులు గుమ్మం దగ్గర, బ్యాగులన్నీ పడకగదిలో మంచం మీద, పిల్లలంతా ఆ మంచం చుట్టూ. నేను వంటింటి గుమ్మంలో టీ తాగుతూ నిలబడ్డాను. ఇంట్లో నాకున్న ఒకే ఒక్క తుపాకి గరాజ్‌లో ఇనప బీరువాలో ఉంటుంది, గుళ్లు వేరే చోట ఉంటాయి. ఈ సంగతి షాపుకొచ్చిన ప్రతివాడికీ పాఠంలా చెప్పేవాణ్ణి.

పడకగదిలోంచి శిరీష వచ్చింది. రెండు చేతుల్తో ఆ చెక్క తుపాకిని పట్టుకుని ఉంది. గొట్టం తన పొట్టవైపే ఉంది.

"డాడీ, ఇది నువ్వు చేసిందే కదా? ఆంటీ బ్యాగ్‌లో ఉంది. చాక్లెట్ లేదు."

సుభద్రగారు ఏ ఇంటికి వెళ్లినా పిల్లలకి చాక్లెట్లు తెస్తారు. ఆ బ్యాగు తెరవడం పిల్లలందరికీ అలవాటే. హాల్లో ఆడవాళ్లు, ఇదేదో బొమ్మ అనుకుని నవ్వారు. లలిత కూడా నవ్వింది. సుభద్రగారు సగం విప్పిన చీర మడతపెట్టడం మొదలుపెట్టారు. పదేళ్లుగా చీరలు మడిచే చెయ్యి, అంచుకి అంచు కలపలేకపోయింది. నేను వెళ్లి శిరీష చేతిలోంచి దాన్ని తీసుకున్నాను. టీ కప్పు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తులేదు.

అందరూ వెళ్లాక కారు దగ్గర ఆమె అన్నారు, "చెక్క కాబట్టి సరిపోయింది."

"బ్యాగు ఆలోచన నాదేనండీ."

"ఆలోచన నీదే. అలవాటు నాది." డిక్కీ మూసి, "నాకు తుపాకి వద్దని ఒక్క మాట చెప్పు తమ్ముడూ, మానేస్తాను. జాక్సన్‌విల్ కూడా మానేస్తాను," అన్నారు.

ఆ మాట అనడం తేలిక. అంటే ఆమె బతుకుతెరువు పోతుంది. అమ్మడం ఇంకా తేలిక. ఏదీ చెయ్యలేక, మంగళవారం షాపుకి రండి, మొదట్నుంచి చూద్దాం అన్నాను.

మంగళవారం తుపాకి బయటికి తియ్యలేదు. రోజులో ఎన్నిసార్లు బ్యాగు దించుతారో లెక్కపెట్టమన్నాను. ఆమె వేలి కణుపుల మీద లెక్కపెట్టారు. ఇళ్లల్లో, భోజనాల దగ్గర, బాత్‌రూముకి వెళ్లినప్పుడు. పదకొండు సార్లు. అంటే రోజుకి పదకొండుసార్లు ఆ తుపాకి ఎవరి చేతికి అందుతుందో మాకు తెలియదు.

అయితే ఒంటి మీదే ఉండాలి, లేదా తాళం వెనక ఉండాలి. ఈ రెండూ కాని చోటు ఉండకూడదు. చీర మానెయ్యమంటే, "చీర కట్టుకోకుండా చీరలెలా అమ్మను?" అన్నారు. చివరికి గుర్రపు జీనులు కుట్టే ఒకాయన చేత లంగా మీద బిగించే వెడల్పాటి తోలు బెల్టు కుట్టించాం. ఒర ఎడమవైపు, కొంగు చాటున ఉంటుంది. కుడిచెయ్యి అడ్డంగా వెళ్లి తీస్తుంది. క్రాస్ డ్రా అంటారు దాన్ని. ఆమె వడ్డాణం అన్నారు. కారు డిక్కీలో నేలకి బోల్టులు వేసి బిగించిన ఉక్కు పెట్టె ఒకటి. ఏ ఇంటి ముందు దిగినా, గడప తొక్కేముందే తుపాకి అందులోకి పోవాలి. దాని తాళంచెవి ఆమె మెడలో గొలుసుకి ఉండాలి.

"మరి అమ్మకం అయ్యాక ఇంట్లోంచి కారు దాకా?"

"ఆ ఇంటి మగాళ్లని తోడు రమ్మనండి. మొహమాటపడకండి."

"చీర కొనకపోయినా వస్తారా?"

"కొనకపోతే ఇంకా తొందరగా వస్తారు."

ఆ పార్కింగ్ లాట్ తరవాత ఆమె నవ్వగా చూడటం అదే మొదటిసారి. పెట్టె ధర దగ్గర మళ్లీ నన్ను ఓడించారు. లైసెన్స్ వచ్చిన వారమే జాక్సన్‌విల్ వెళ్లి వచ్చారు. తరవాత చాలా ఏళ్లు తిరిగారు. రేంజ్‌లో తప్ప ఆ రివాల్వర్ ఒక్కసారీ పేలలేదు.

చెక్క తుపాకి నా కౌంటర్ మీద ఉండిపోయింది. ఎవరొచ్చి "ఏది మంచిది?" అన్నా, దాన్ని వాళ్ల చేతిలో పెట్టి, "ఇది ఒంటి మీంచి తీసినప్పుడు ఎక్కడ పెడతారు?" అని అడిగేవాణ్ణి. కొందరికి కోపం వచ్చి పక్క ఊరి షాపుకి పోయేవారు. హ్యాంక్ పెన్సిలు కొరుక్కునేవాడు. చేతికి పట్టిందా లేదా చూస్తే చాలని గాజుల కొట్టులో నేర్చుకున్నాను. చేతిలోంచి దించాక దాని సంగతేమిటని అడగడం మాత్రం సుభద్రగారి దగ్గరే నేర్చుకున్నాను.

ఆ తరవాత మా ఇంటికి ఎప్పుడొచ్చినా, చెప్పులు విడవగానే ఆమె మొదట పిల్లల్ని పిలిచేవారు. వాళ్ల ముందే బ్యాగుని చాప మీద బోర్లించి, జిప్పులన్నీ తీసి, దులిపి చూపించేవారు. అందులోంచి చాక్లెట్లే రాలిపడేవి.