ఇంధన సర్దుబాటు చార్జీ

మైలవరంలో మా పిండిమరకు రెండు మోటార్లు. ఒకటి బియ్యానికీ గోధుమలకూ, రెండోది కారానికి. కారం మోటారు దగ్గర పాతికేళ్లుగా పిన్ని ఉండేది. చుట్టం కాదు, మా అత్తగారు పనిలో పెట్టుకున్న మనిషి. మిరపకాయలు ఆడుతుంటే వచ్చినవాళ్లంతా తుమ్ముతూ బయటికి పరుగెత్తేవారు. ఆమె మాత్రం ముక్కుకు గుడ్డ కట్టుకుని కదలకుండా పని చేసుకుపోయేది.

కరెంటు బిల్లులో సర్దుబాటు చార్జీ అని ఒకటి మొదలై, నెలనెలా పెరుగుతూ వచ్చింది. బొగ్గు రేటు పెరిగిందట, ఎప్పుడో వాడేసిన కరెంటుకు ఇప్పుడు ఇంకా కట్టాలట! పిండి పట్టించుకుని రొట్టెలు తినేసినవాళ్ల ఇంటికెళ్లి, ఇంకొంచెం ఇవ్వండని నేనడిగితే చీపురు తిరగేస్తారు. కారం మోటారు ఆపేస్తే తప్ప గిట్టుబాటు కాదని మా ఆయన తేల్చేశాడు. ఆపితే పిన్నికి పని ఉండదు. ఆ మాట నాకు మింగుడు పడలేదు. విజయవాడలో కరెంటు రేట్ల మీద కమిషన్ వారు అభ్యంతరాలు వింటారని పేపర్లో చూసి, నా అభ్యంతరం మూడు కాపీలు రాసుకుని మొదటి బస్సుకే వెళ్లాను.

భోజనాల ముందు నా వంతు వచ్చింది. చెప్పాల్సిందంతా చెప్పాను. వేదిక మీద పెద్దాయన ఓపిగ్గానే విన్నారు.

"మీ బాధ అర్థమైందమ్మా. కానీ ఖర్చు పెరిగితే బిల్లులో వెయ్యాల్సిందేనని కేంద్రం రూలండి. దాన్ని ఆపే అధికారం మాకు లేదు."

"మరి ఆపలేనిదానికి మమ్మల్ని పిలవడం దేనికండీ?"

హాల్లో కొందరు నవ్వారు. నాకు ఒళ్లు మండిపోయింది. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ఇక్కడ పూజారే చేతులెత్తేసి దేవుడు ఢిల్లీలో ఉన్నాడంటున్నాడు. ఢిల్లీకి ఏ బస్సెక్కాలి? ఎక్కినా నన్ను గుమ్మం తొక్కనిస్తారా? ముద్ర కొట్టిన కాపీ ఒకటి చేతిలో పెట్టి భోంచేసి వెళ్లమన్నారు. తినకుండానే వచ్చేశాను.

కరెంటు రేటు పెరిగింది, కారం మోటారు ఆపేస్తున్నామని మర్నాడు పిన్నికి నేనే చెప్పాను.

"ఎవరు పెంచారమ్మాయ్?" అంది.

కరెంటాఫీసును అడిగితే కమిషన్ అంటారని, కమిషన్ను అడిగితే కేంద్రం అంటారని చెప్పుకుంటూ పోయాను. కాసేపు విని, ఇక ఆగలేకపోయింది.

"వాళ్లెవరూ నాకు తెలీదు. నాకు తెలిసింది నువ్వే! పాతికేళ్లు మీ మరలో ఘాటు పీల్చానే, నీ మొహం మండ!"

పిండికొచ్చినవాళ్లంతా చూస్తున్నారు. ఆమె ఇంకెవర్ని తిడుతుంది? మైలవరంలో నేనొక్కదాన్నే దొరికాను.