రెండో రంగసామి ఏ పేజీలో ఉన్నాడు?

నా ఉద్యోగం చివరి ఏళ్ళలో, ఒక ఎండాకాలం మొదట్లో, చిన్నమనూరు ద్రాక్ష రైతుల సంఘం పని మా జట్టుకు వచ్చింది. అప్పుడు నేను కోయంబత్తూరు గాంధీపురంలో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ప్రాజెక్ట్ లీడ్‌ని. కోడు రాసేవాళ్ళకు పైన, కస్టమర్‌కు జవాబు చెప్పే మేనేజరుకు కింద ఉండే మెట్టు అది. ఏదైనా చెడితే రెండు వైపులవాళ్ళూ లీడ్ మొహమే చూస్తారు.

మా దగ్గర అప్పటికే ఒక కాంపోనెంట్ సిద్ధంగా ఉంది. కాంపోనెంట్ అంటే ఒకసారి రాసిపెట్టుకుని, కావలసిన వెబ్‌పేజీలోనల్లా అమర్చుకునే కోడు ముక్క. మాది పట్టికలు చూపించేది. కాలమ్ పేరు మీద నొక్కితే దాని ప్రకారం వరసలన్నీ సర్దుకుంటాయి, దీన్ని సార్టింగ్ అంటారు. వందల వరసలను తెర మీద ఒక్కసారిగా గుమ్మరించకుండా పేజీకి పదేసి చూపిస్తుంది, అది పేజినేషన్. పేజీ తిప్పిన ప్రతిసారీ సర్వర్‌ని అడిగి ఆ పది వరసలే తెచ్చుకుంటుంది.

దాన్ని రాసింది మాధవి, గుంటూరు అమ్మాయి. చెయ్యి ఎంత చురుకో నోరూ అంతే. తరాలుగా తమిళనేల మీద ఉన్న మావాళ్ళ ఇంటి తెలుగు విని "మేడమ్, మీది ఏ శతాబ్దం?" అని అడిగేది. తమిళ బడిలో చదివిన నాకు తెలుగు రాత నేర్పిందీ తనే గనక ఆ వెక్కిరింతలన్నీ భరించాను. నిజానికి నాకు ముచ్చటగానే ఉండేది.

సంఘం వాళ్ళ కోల్డ్ స్టోరేజీలో ఏ రోజు ఎవరి పెట్టెలకు చోటన్నది ముందే కేటాయిస్తారు. గేటు దగ్గర గుమాస్తా తెర మీద మా పట్టికలో పేరు చూసి బండిని లోపలికి వదలాలి, పేరు లేకపోతే వదలకూడదు. సిఫార్సులతో విసిగిపోయి రైతులే పెట్టుకున్న కట్టుబాటు అది. కొత్త పద్ధతి మొదలైన రోజు నేనూ మాధవీ గేటు దగ్గరే కుర్చీలు వేసుకుని కూర్చున్నాం.

ఎండ ముదిరే వేళకు, పన్నీర్ ద్రాక్ష అని అక్కడ పిలిచే నల్లద్రాక్షతో ఒక టెంపో వచ్చింది. దిగిన రైతు పేరు ఆర్. రంగసామి, మావాళ్ళలాగే తరాలుగా అక్కడున్న తెలుగువాడు. గుమాస్తా పట్టికను పేర్ల వరసన సర్ది పేజీలు తిప్పాడు. ఒక ఆర్. రంగసామి దొరికాడు గానీ సభ్యత్వ సంఖ్య వేరు. ఆ మనిషే రెండో పేజీ చివర ఉన్నాడు, మూడో పేజీ మొదట్లోనూ ఉన్నాడు. టెంపోతో వచ్చిన రంగసామి మాత్రం ఏ పేజీలోనూ లేడు. పన్నీర్ ద్రాక్ష ఎండకు తట్టుకునే సరుకు కాదు. మధ్యాహ్నం దాకా బయట ఉంటే ఆ కోత అంతా పాడవుతుంది.

"ఏమక్కా, కంప్యూటర్‌కి నేను ఇంకా పుట్నే లేదా? వెయిల్ ఏరతా ఉండాది, సీక్రం చెప్పక్కా," అన్నాడు నాతో, నెత్తి మీదికెక్కుతున్న ఎండను చూపిస్తూ. రెండుసార్లు కనిపించిన రంగసామి అప్పటికే సరుకు దించేసి పక్కనే టీ తాగుతున్నాడు. అతను లేచి వచ్చి తెర చూసి, "ఏం చేస్తావన్నా, నీ చోట్లో కూడా నన్నే కూచోబెట్టినారు," అని నవ్వాడు.

మాధవి డేటాబేస్ తెరిచి చూసింది. టెంపో రంగసామి అందులో భేషుగ్గా ఉన్నాడు. పేజీల్లోని వరసలన్నీ లెక్కపెట్టింది, మొత్తం సరిగ్గా సరిపోయింది. "నెట్‌వర్క్ తేడా అయ్యుంటుంది మేడమ్," అంది. తెలియనిదంతా నెట్‌వర్క్ మీదికి తోసెయ్యడం మా వృత్తిలో ఆనవాయితీ.

నేను ఆ ఇద్దరినీ మీరేమవుతారని అడిగాను. అన్నదమ్ముల బిడ్డలమన్నారు. "మా తాత పేరక్కా ఇది. ఆయనకి నలుగురు కొడుకులు, నలుగురికీ పెద్దోడు రంగసామే. మా నాయన రామసామి, వీని నాయన రాజగోపాలు," అన్నాడు టెంపోతో వచ్చినతను.

అంతే, విషయం అర్థమై నవ్వొచ్చింది. మా పుట్టింట్లోనూ ఒక పేరు పిలిస్తే ముగ్గురు పలుకుతారు. పెద్దకొడుక్కి తాత పేరు పెట్టకపోతే మావాళ్ళు ఊరుకోరు. రికార్డుల్లో ఆ పేరు ముందు ఉండేది తండ్రి పేరులోని మొదటి అక్షరం ఒక్కటే. ఇక మాధవి వాళ్ళ వైపు, పిల్ల పుట్టగానే చుట్టాల్లో ఎవరికీ లేని పేరు కోసం నెలల తరబడి వెతుకుతారట. అందుకే కాంపోనెంట్‌ను పరీక్షించడానికి తను కల్పించుకున్న పేర్లలో ఏ రెండూ ఒకటి కావు.

పేరు వరసన సర్దమంటే, ఒకే పేరున్నవాళ్ళలో ఎవరు ముందో డేటాబేస్‌కు ఎవరూ చెప్పలేదు. అడిగిన ప్రతిసారీ దానికి తోచినట్టు నిలబెడుతుంది. రెండో పేజీ అడిగినప్పుడు రాజగోపాలు కొడుకును చివర పెట్టింది, మూడో పేజీ అడిగినప్పుడు అతన్నే మొదట పెట్టింది. రామసామి కొడుకు రెండు పేజీల మధ్య సందులో జారిపోయాడు.

గుమాస్తాని సభ్యత్వ సంఖ్య కాలమ్ మీద నొక్కమన్నాను. ఆ సంఖ్య ఏ ఇద్దరికీ ఒకటి కాదు కదా. మొదటి పేజీలోనే రంగసామి ప్రత్యక్షమయ్యాడు. టెంపో లోపలికి పోయింది, నాకు ఊపిరి వచ్చింది. పెట్టెలు దించాక అతను రెండు గుత్తులు తెచ్చి మాధవి చేతిలో పెట్టి, "మా ఇంట్లో ఇంకా ఇద్దరు రంగసాములు ఉండారు పాపా, వాళ్ళని కూడా చూసుకో," అని చెప్పి వెళ్ళాడు.

ఏ కాలమ్ ప్రకారం సర్దినా, సమానంగా ఉన్నవాటిని సభ్యత్వ సంఖ్య లాంటి మారని గుర్తుతో విడదీయాలన్న నియమాన్ని మాధవి ఆ సాయంత్రమే కాంపోనెంట్‌లో చేర్చింది. అది అందులోనే ఉంటే వాడుకునే ప్రతివాడూ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. పరీక్షకు కొత్తగా ఒక ఊరినే కల్పించింది, ఆ ఊరి జనాభా అంతా రంగసాములే.

సరిదిద్దిన కాంపోనెంట్‌ను దాన్ని వాడుతున్న మిగతా చోట్లకూ పంపించాం. దిండిగల్‌లో ఒక తాళాల తయారీదారు ఫోన్ చేసి, కొనేవాళ్ళు చూసే తన ధరల పట్టికలో ఒక తాళం కొత్తగా కనిపిస్తోందని చెప్పాడు. అదే ధర ఉన్న తాళాలు చాలా ఉండటంతో అది ఇన్నాళ్ళూ ఏ పేజీకీ ఎక్కలేదు. ఎవరూ అడగడం లేదు గదా అని ఆయన దాని తయారీ ఆపే ఆలోచనలో ఉన్నాడట. అంతకుముందు మాకు ఆ చోటి నుంచి ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు.

పట్టికలో మొత్తం సరిపోవడం వేరు, అందరూ ఉండటం వేరు. ఆ రెండో సంగతిని కూడికతో తేల్చలేం, ఒక్కొక్కరినీ పిలిచి చూడాల్సిందే. నేను రిటైరయ్యేదాకా నా జట్టు ప్రతి పట్టికలోనూ అలాగే పేరుపేరునా పిలిచి చూసింది.